మూడో అనుబంధంలో లేని నిద్ర

పాత దస్త్రాల సంరక్షణ శాఖలో ఉద్యోగులు అలసిపోతున్నారన్న సంగతిని సంయుక్త సంచాలకులు నరోత్తమరావుగారు కనిపెట్టారు. ఇన్నాళ్లూ కనిపెట్టనందుకు ఆయన్ని తప్పుపట్టకూడదు. ఆయన గది మూడో అంతస్తులో ఉంది. అలసిపోయినవాళ్లు అంత ఎత్తు ఎక్కరు. ఆయన తోడల్లుడు ఆయన్ని ఓ శనివారం ఎక్కడో కొండల్లో గుడారంలో పడుకోబెట్టి పంపాడట. గుడారమంటే జాతరలో వేసే టార్పాలిను డేరా కాదు. లోపల పెద్ద మంచం, తెల్లటి దుప్పటి, వేడినీళ్ల కొళాయి, తలుపుకు బదులు జిప్పు. దాన్ని గ్లాంపింగ్ అంటారు. ఆదివారం సాయంత్రం కొండ దిగిన నరోత్తమరావుగారు సోమవారం పదకొండింటికల్లా పదిహేడు పేజీల ఉత్తర్వు జారీ చేశారు.

దాని సారాంశం చిన్నదే. ఇకమీదట శాఖలో ఎవరైనా బదిలీ కోరదలిస్తే, ఇంటినుంచి కారు నడుపుకుంటూ చేరగల దూరంలో ఉన్న కొండమీద, ఒక వారాంతం విలాస గుడారంలో విశ్రాంతి తీసుకున్నట్టు ధ్రువపత్రం జతచేయాలి. జతచేయని దరఖాస్తులు పరిశీలించబడవు.

శ్రీకాకుళం ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు బొడ్డేటి పైడిరత్నం ఈ ఉత్తర్వును పాసింజరు రైల్లో, ఒంటికాలి మీద నిలబడి చదివింది. రెండో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆమె ఇల్లు అనకాపల్లిలో. తొమ్మిదేళ్లుగా పావుతక్కువ నాలుగుకి లేస్తుంది, వండి డబ్బాల్లో పెడుతుంది, రైలెక్కుతుంది, మళ్లీ ఇల్లు చేరేసరికి ఎనిమిదో తొమ్మిదో. ఆమె మొగుడు సింహాద్రి బెల్లం మార్కెట్లో కాటా గుమస్తా. వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు వెలుతుర్లో చూసుకునేది ఆదివారాలే. ఇన్నాళ్లకి అనకాపల్లి ఆఫీసులో ఒక్క సీనియర్ అసిస్టెంటు ఖాళీ వచ్చింది. బదిలీల కౌన్సెలింగు వచ్చే సోమవారం, పొద్దున పదింటికి. 'ప్రయాణ బడలిక' కింద దరఖాస్తు పెట్టినవాళ్లలో సీనియారిటీలో మొదటి పేరు ఆమెది. మధ్యలో ఉన్నదల్లా ఒక వారాంతం.

"ఆదోరం ఇంట్లో పడుకుంటే సాల్దేటి?" అన్నాడు సింహాద్రి.

"ఇంట్లో పడుకుంటే కాయితం ఎవలిస్తారు?" అంది పైడిరత్నం.



అలా ఆమె శనివారం తెల్లారకుండానే లేచి, ఆఫీసు టైపిస్టు పొట్నూరు జగ్గారావు కారులో మేఘాలమెట్టకు బయల్దేరింది. జగ్గారావు పార్వతీపురం బదిలీ కోరుతున్నవాడు. విశాఖలో చెల్లెలింట రాత్రి ఆగి, దారిలో ఆమెను ఎక్కించుకున్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో మంచు, కాఫీ తోటలు, సిల్వర్ ఓకు చెట్లకు ఎగబాకిన మిరియాల తీగలు. అన్నీ చూడాలనే అనుకుంది. ప్రతి మలుపులోనూ ఆమె తల కిటికీ అద్దానికి కొట్టుకుంటూనే ఉంది.

క్యాంపు గేటు దగ్గర విశ్రాంతి నోడల్ అధికారి సుదర్శనంగారు అట్ట పలకకు కాగితాలు బిగించుకుని నిలబడి ఉన్నారు. ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేయడంలో ఆయన్ని మించినవాడు లేడని శాఖలో పేరు. అక్షరం ఉంటే చాలు, అర్థం అడిగే అలవాటు ఆయనకు లేదు.

"మేడమ్‌గారు దిగకూడదు," అన్నారాయన. "నాలుగో నిబంధన ప్రకారం ఉద్యోగి కారు నడుపుకుంటూ చేరగల దూరం అని ఉంది. సదరు ఉద్యోగి నడపనిచో, సదరు దూరం నడపగల దూరమని రుజువు కాదు."

"నాకు డ్రైవింగ్ రాదు సార్."

"అది దూరం యొక్క తప్పు కాదు కదమ్మా."

కాసేపు చర్చ జరిగింది. చివరికి పైడిరత్నం స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజను ఆపేశారు. జగ్గారావు, కాఫీ తోటకు పోతున్న ఇద్దరు కూలీలు వెనకనుంచి కారును నెట్టారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, సింహాచలం అప్పన్నను తలుచుకుంటూ, గేటులోంచి అయిదు గజాలు లోపలికి వచ్చింది. సుదర్శనంగారు ఫొటో తీసుకుని, 'స్వయంగా నడుపుకుంటూ విచ్చేసినారు' అని రాసుకున్నారు.

తర్వాత మూడో అనుబంధం చేతికిచ్చారు. ఫుల్‌స్కేపు కాగితానికి రెండు వైపులా ఉంది. అందులో ఆమోదిత విశ్రాంతి కార్యక్రమాలు పద్నాలుగు. సూర్యోదయ ఆస్వాదన, మంచు స్పర్శ, వృక్షాలింగనం, మౌనం, ఊయల, నెగడు చుట్టూ ఉల్లాసం, ఇంకా అలాంటివి. ప్రతి దానికీ ఎదురుగా సంతకం గడి. సెల్‌ఫోన్లు అప్పగించేయాలి, అది డిజిటల్ ఉపవాసం. అయితే హాజరు యాప్‌లో వేయాలి గనక అరగంటకోసారి వచ్చి ఎవరి ఫోన్ వాళ్లు అడిగి తీసుకుని, మొహం చూపించి, మళ్లీ ఉపవాసంలోకి వెళ్లాలి.

"సామాను గుడారంలో పెట్టి అయిదు నిమిషాల్లో రండి మేడమ్. పదిన్నరకు వృక్షాలింగనం. తమ చెట్టు నంబరు నలభై ఒకటి."

పైడిరత్నం ఆరో నంబరు గుడారంలోకి వెళ్లి సంచీ కిందపెట్టింది. చెప్పులు విప్పడానికి మంచం అంచున కూర్చుంది. పరుపు మెత్తగా కిందికి దిగింది. చుట్టూ ఏ చప్పుడూ లేదు. కుక్కరు కూత లేదు, రైలు కూత లేదు. ఎవరూ "రత్నంగారూ" అని పిలవలేదు. ఒక చెప్పు విప్పినట్టు ఆమెకు గుర్తుంది.

లేచేసరికి జిప్పు సందులోంచి ఎండ పడుతోంది. ఎంతసేపయిందో తెలియలేదు. ఓ గంట అయి ఉంటుందనుకుంది. లేచి కూర్చుంటే ఒళ్లు తనది కాదన్నట్టు తేలిగ్గా ఉంది. మెడ తిరుగుతోంది. ఏళ్లుగా కళ్ల వెనక తిష్ట వేసుకున్న పోటు, చెప్పకుండా ఖాళీ చేసిన అద్దెవాడిలా, లేకుండా పోయింది. బయటికి వచ్చి చూస్తే ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా, చాలా దూరం దాకా ఉన్నాయి. ప్రపంచం ఇంత బావుంటుందా అనుకుంది పైడిరత్నం. బావుంటుంది కాబోలు, మెలకువగా ఉన్నవాళ్లకి. ఆకలి దంచేస్తోంది.

జగ్గారావు ఎదురొచ్చాడు. జుట్టులో ఎండుటాకులు, కళ్లు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"లేచేరా తల్లీ! ఆదోరం ఎనిమిదయింది."

"ఆదివారమా! మరి లేపలేదేటండి ఎవరూ?"

"లేపడానికి రూల్ లేదు. ఆడవాళ్ల గుడారం జిప్పు మగ ఆఫీసరు తీయకూడదు. నోడల్ సారు బయటినుంచి మూడుసార్లు పిలిచి, మూడు పిలుపులూ టైముతో రాసుకున్నారు. లేడీ ఆఫీసరును పంపమని హెడ్డాఫీసుకు లెటరెట్టేరు. ఆవిడ ఇప్పుడు బస్సులో ఉంది." జగ్గారావు ఆవలించాడు. "నాకు పద్నాలుగూ అయిపోనాయి. సూర్యోదయం సరిగ్గా రాలేదని రెండోసారి నిలబెట్టేరు. నిన్నటినుంచి కన్ను మూయలేదు. నా కాయితం మీద 'సంపూర్ణ విశ్రాంతి' అని రాసేరు. మెట్టు దిగితే పడిపోతానేమో, కాస్త పట్టుకోండి."

మిగిలిన తొమ్మిదిమంది అభ్యర్థులదీ అదే వాలకం. ఒకాయన చెట్టును కావలించుకున్నవాడు కావలించుకున్నట్టే నిద్రపోతుంటే, పక్కనున్నాయన భయపడి గిల్లి లేపాడు.

సుదర్శనంగారు పైడిరత్నాన్ని బల్లముందు నిలబెట్టారు. ఆమె మూడో అనుబంధం తెల్లగా ఉంది.

"తాము నిన్న పది గంటల ఇరవై నిమిషాలనుంచి ఎక్కడున్నారు?"

"గుడారంలోనే సార్. నిద్దరోయాను."

"అనగా విశ్రాంతికి గైర్హాజరయ్యారు."

"పడుకోడం విశ్రాంతి కాదా సార్?"

సుదర్శనంగారికి నిజాయితీ ఎక్కువ. ఆ ప్రశ్నను ఆయన తేలిగ్గా తీసుకోలేదు. అనుబంధాన్ని రెండు వైపులా తిప్పి చదివారు. నిద్ర లేదు. హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. అక్కడ ఆదివారం డ్యూటీలో ఉన్న సెక్షను పెద్ద మూల ఉత్తర్వు తెప్పించి చూసి స్పష్టీకరణ ఇచ్చాడు: నిద్ర ఉద్యోగి వ్యక్తిగత అవసరం, భోజనం, స్నానం వంటిది, శాఖ దాన్ని విశ్రాంతిగా గుర్తించజాలదు. గుర్తిస్తే, ఆఫీసులో నిద్రపోయేవాళ్లంతా విశ్రాంతి భత్యం అడుగుతారు.

"ఎంత సుఖంగా పడుకున్నా లాభం లేదమ్మా," అన్నారు సుదర్శనంగారు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది. "సాయంత్రం అయిదులోగా పద్నాలుగూ పూర్తి చేయండి. లేనిచో తరవాతి విడతలో రావాలి."

"తరవాతి విడత ఎప్పుడు సార్?"

"ఫిబ్రవరిలో."

అనకాపల్లి ఖాళీ ఫిబ్రవరి దాకా ఆగదు. పైడిరత్నం కొంగు నడుముకు చుట్టి పరుగందుకుంది. తొమ్మిదింటికి తూర్పుకు తిరిగి నిలబడి, 'ఆలస్యపు సూర్యోదయం, అనుమతితో' అని సంతకం పెట్టించుకుంది. మంచు కరిగిపోయింది గనక క్యాంటీన్ ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి మంచు స్పర్శ కానిచ్చింది. నలభై ఒకటో నంబరు చెట్టును కావలించుకుంటే చీమలు పట్టాయి. మౌనం ఇరవై నిమిషాలు. అయిదు నిమిషాలకోసారి "మౌనంగా ఉన్నాను సార్!" అని గట్టిగా కేక వేయాలి, లేకపోతే ఉన్నదీ లేనిదీ తెలియదట. ఆమె వేసింది. నాలుగో కేకకు దిగువన రాగుల చేలో చోళ్లు కోస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు ఆపి పైకి చూశారు.

అయిదో సంతకం దగ్గర ఉండగా కార్లు వచ్చాయి. నరోత్తమరావుగారు దిగారు, వెనక ఫొటోగ్రాఫరు దిగాడు. పథకం ఫలితాలు సచివాలయానికి బొమ్మలతో సహా పంపాలి. విశ్రాంతి పొందిన ఉద్యోగి ఫొటో నిలువెత్తుది ఒకటి కావాలి.

అభ్యర్థులను వరసగా నిలబెట్టారు. నరోత్తమరావుగారు ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచారు. ఎర్రటి కళ్లు, వేలాడే చెంపలు, వంగిన భుజాలు. ఒకాయన నిలబడే గురక పెడుతున్నాడు. సంచాలకులవారి మొహం మాడిపోతూ వచ్చింది. వరస చివర పైడిరత్నం దగ్గర ఆగిపోయారు. ఆ పరుగులన్నీ పరిగెత్తినా ఆమె మొహం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది.

"ఇదీ! ఇదీ నేను కోరుకున్నది!" అన్నారాయన. "సుదర్శనం, ఈమె ఏ గ్రేడు?"

సుదర్శనంగారు అట్ట పలకను వీపు వెనక పెట్టుకున్నారు. "పరిశీలనలో ఉన్నదండి."

"పరిశీలన ఏమిటయ్యా, కళ్లెదుట కనబడుతుంటే! ఏమ్మా, పద్నాలుగు కార్యక్రమాల్లో మీకు ఏది ఎక్కువ మేలు చేసింది? నిర్భయంగా చెప్పండి."

పైడిరత్నానికి అబద్ధం చెప్పే ఓపిక ఉంది, రాత్రంతా పడుకుంది గనక. కానీ ఏం చెప్పాలో తోచలేదు.

"పడుకున్నానండి," అంది.

సుదర్శనంగారు కళ్లు మూసుకున్నారు. నరోత్తమరావుగారు నిమిషంపాటు ఆలోచించారు. పెద్ద అధికారులు తప్పు తెలుసుకోరు, దాన్ని పథకంలో కలుపుకుంటారు.

"శయన విధానం!" అన్నారాయన మెల్లిగా. "రాసుకో సుదర్శనం. ఇది మన శాఖ ఆవిష్కరణ. నేటినుంచి నిద్ర పదిహేనో ఆమోదిత కార్యక్రమం. అది ఎక్కడ జరిగినా, ఎప్పుడు జరిగినా, నిద్రించుచున్న ఉద్యోగిని తనంతట తాను లేచువరకు ఏ అధికారీ లేపరాదు. లేపినచో కఠిన చర్య. ఈమెకు 'ఆదర్శ విశ్రాంతి' గ్రేడు ఇవ్వండి."

ఫొటో తీశారు. మిగిలిన పదిమందినీ వెనక కనబడకుండా వంగోమన్నారు. ధ్రువపత్రం మీద బంగారు రంగు ముద్ర పడింది. పైడిరత్నం దాన్ని సంచీలో బట్టల మడతల మధ్య పెట్టుకుంది. ఆ సాయంత్రం ఘాట్ దిగుతుంటే ఒక్క మలుపులో కూడా తల అద్దానికి కొట్టుకోలేదు. ఎల్లుండినుంచి ఇంటిదగ్గర ఆరింటికి లేవొచ్చు, ఆరింటికి! అనుకుంటే నవ్వొచ్చింది. స్టీరింగు మీద వాలిపోతున్న జగ్గారావును దారి పొడవునా కబుర్లతో మేలుకొలుపుతూ వచ్చింది.

సోమవారం పదింటికి విశాఖ ఆఫీసులో కౌన్సెలింగు మొదలయింది. హాల్లో పదకొండు మంది అభ్యర్థులు, ఎదురుగా బల్ల, బల్ల వెనక నరోత్తమరావుగారు, పక్కన సుదర్శనంగారు. మొదట పైడిరత్నం పేరు పిలిచారు.

నరోత్తమరావుగారు ఆమె కాగితాలు చూసి నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు.

"మీరు ప్రయాణ బడలిక కింద కదమ్మా దరఖాస్తు చేసుకున్నారు?"

"అవును సార్. తొమ్మిదేళ్లు."

"కానీ ధ్రువపత్రం ప్రకారం మీకు ఆదర్శ విశ్రాంతి లభించింది. నేనే స్వయంగా చూశాను. విశ్రాంతి పొందినవారికి బడలిక ఉండదు. బడలిక లేనివారికి బదిలీ వర్తించదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

పైడిరత్నానికి ముందు అర్థం కాలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఆ కాయితం లేకపోతే సార్?"

"అప్పుడు దరఖాస్తే చెల్లదు."

"ఉంటే?"

"అప్పుడు మీకు అవసరమే లేదు. చూశారా, పథకం రెండు విధాలా విజయవంతమైంది. ఈ లెక్కన ఇవాళ ఎవరికీ బదిలీ అవసరం రాదనుకుంటాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"తొమ్మిదేళ్లలో ఒక్కరోజు పడుకున్నాను సార్," అంది. "దానికి శిక్ష ఇంతుంటాదని తెలిస్తే, ఆ రోజూ మేలుకునే ఉందును."

"భావోద్వేగాలకు వేరే ఫారం ఉందమ్మా," అన్నారు నరోత్తమరావుగారు. "ఇక్కడ నిరభ్యంతరంగా అంగీకరించినట్టు సంతకం పెట్టండి. పదకొండు సంతకాలూ సాయంత్రం అయిదులోగా సచివాలయానికి చేరాలి. చేరకపోతే సంజాయిషీ నేనిచ్చుకోవాలి."

పైడిరత్నం కలం అందుకోలేదు. హాల్లో గోడవారగా నడిచింది. సంచీ కిందపెట్టి, కొంగు పరుచుకుని, సంచీ మీద తల పెట్టి పడుకుంది. ముందు ఏడుపు ఆపుకోవడానికే కళ్లు మూసుకుంది. తొమ్మిదేళ్ల బాకీలో ఒక్కరోజు తీరిందంతే, మిగిలిందంతా ఒంట్లోనే ఉంది. రెండు నిమిషాల్లో నిద్ర పట్టేసింది.

"లేపండి ఆమెను!" అన్నారు నరోత్తమరావుగారు.

సుదర్శనంగారు లేచారు. రెండడుగులు వేసి ఆగారు. జేబులోంచి నిన్నటి ఉత్తర్వు తీశారు. "ఎక్కడ జరిగినా, ఎప్పుడు జరిగినా అని తమరే అన్నారు సార్. లేపినచో కఠిన చర్య. తమరే ఆ మాటకింద గీత గీయించారు."

రెండో పేరు జగ్గారావుది. అతను ఓసారి పైడిరత్నం వంక, ఓసారి బల్ల వంక చూశాడు. ఆమె పక్కన నాలుగడుగుల దూరంలో తువ్వాలు పరిచి పడుకున్నాడు. శుక్రవారంనుంచి సరైన నిద్రలేదు, నటించాల్సిన అవసరం పడలేదు. పావుగంటలో పదకొండు మందీ గోడ పొడవునా ఒరిగిపోయారు. గురకలు ఫ్యాను చప్పుడును మింగేశాయి. వాళ్ల పేర్లు రాసుకుందామని కూర్చున్న సుదర్శనంగారు మూడో పేరు సగంలో బల్లమీద తల వాల్చారు. రెండు రోజులు పదకొండు మంది విశ్రాంతిని కనిపెట్టుకున్న మనిషి, పాపం ఆయనకీ ఒళ్లుంది కదా.

నరోత్తమరావుగారు ఒక్కరే మెలకువగా మిగిలారు. పన్నెండయింది. రెండయింది. సచివాలయంనుంచి మొదటి ఫోన్ వచ్చింది. మూడున్నరకు రెండోది. నాలుగుంపావుకి ఆయన చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా మునివేళ్లమీద నడిచి, పైడిరత్నం దగ్గర గొంతుక్కూర్చున్నారు. ముట్టుకోలేదు, ఉత్తర్వు ఆయనదే.

"అమ్మా," అన్నారు గుసగుసగా. "తమంతట తామే లేచారనుకోండి. ఒక్క సంతకం."

ఆమె కళ్లు తెరవలేదు. ఎప్పుడు మెలకువ వచ్చిందో, అసలు వచ్చిందో లేదో చెప్పలేం.

"అనకాపల్లి అని రాసుంటే పెడతాను సార్."

"ఎలా రాయనమ్మా? మీకు బడలిక లేదని రికార్డయింది."

"బడలిక లేనోలు పట్టపగలు ఆపీసులో ఇలా పడుంటారేటి సార్?"

నరోత్తమరావుగారి మొహం వికసించింది. ఆయన మూర్ఖుడు కాదు, దారి చూపిస్తే నడవగలడు. అక్కడే మోకాలిమీద ఫైలు పెట్టుకుని రాశారు: 'దరఖాస్తు నాటికి ధ్రువపత్రం కలదు. కానీ కౌన్సెలింగు హాలునందు ఉదయం పది గంటల తర్వాత తీవ్రమైన బడలిక కొత్తగా సంభవించినట్లు క్రింద సంతకం చేసిన అధికారి ప్రత్యక్షంగా గమనించినారు. అనకాపల్లికి బదిలీ చేయడమైనది.'

పైడిరత్నం లేచి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, కాగితం రెండుసార్లు చదివి, ఊరి పేరు మీద వేలు పెట్టి చూసుకుని, సంతకం పెట్టింది. సంచీ భుజాన వేసుకుంది.

నరోత్తమరావుగారు మోకాళ్లు పట్టుకుని లేచి, గోడవారగా వరసను చూశారు. అప్పటిదాకా ఒక కన్ను తెరిచి చూస్తున్న మిగతా పదిమందీ రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నారు.